సుక్కమ్మ దాటిన గడప

ముడిమ్యాలలో సుక్కమ్మ ఇంటి గడప జానెడు ఎత్తు. కోడలిగా అడుగుపెట్టిన యాభై రెండేండ్లలో ఆమె దానిపై ఒక్కనాడూ కాలు మోపలేదు. గడప లక్ష్మీస్థానం, పసుపు రాసి మొక్కవలసినదే గాని తొక్కరాదు. తెల్లవారగానే వాకిట నల్లా దగ్గర పూజకు నీళ్లు పట్టి, బిందె చంకనెత్తుకుని, పాదం గడపకు తగలకుండా లోపలికి రావడం ఆమె నిత్యానుష్ఠానం.

నెల క్రితం మంచం మీదినుండి దిగ్గున లేచి వెళ్లి, కళ్లు తిరిగి ఆ గడప దగ్గరే పడింది. తుంటి కమిలింది. ఎవరూ చూడలేదు, ఆమె చెప్పలేదు. చెబితే బిందె, దానితోపాటు పూజ, కోడలి చేతికి పోతాయి. ఆ భయం ముందు ఎముక విరుగుతుందన్న భయం ఆమెకు చిన్నదిగా తోచింది.

కోడలు నీలవేణి ఒకటి గమనించింది. అత్త బిందెను చంకన పెట్టుకోవడం మాని, రెండు చేతులతో పొట్టకు హత్తుకుని మోస్తున్నది.

ఆనాడు శుక్రవారం. గడపకు రాసిన పసుపు ఇంకా ఆరలేదు. నల్లా దగ్గర వంగి బిందె నింపిన సుక్కమ్మ గబుక్కున లేచి వచ్చి, కుడికాలు గడప దాటించింది. ఎడమకాలు వాకిట్లోనే ఉండగా కళ్లకు చీకటి కమ్మింది. పట్టుకోవడానికి చేయి ఖాళీ లేదు.

పొయ్యి దగ్గరినుండి నీలవేణి కేక వేసింది. "అత్తా! కదలకు! బిందె ఇడిశిపెట్టి దర్వాజ పట్టుకో!"

"దేవుని నీళ్లు... ఎట్ల ఇడుస్తనే?"

"నీళ్లు మల్ల వస్తయ్. తుంటి వస్తదా? ఇడువ్!"

బిందె ఒక పక్కకు ఒరిగింది. నీలవేణి ఇంకా పదడుగుల దూరంలోనే ఉంది. సుక్కమ్మ వేళ్లు విడివడ్డాయి. బిందె దభీమని పడింది. పసుపు నీళ్లలో కరిగి పారింది. ఆమె రెండు చేతులూ ద్వారబంధాన్ని కరచుకున్నాయి. నీలవేణి పరుగున వచ్చి, నడుము పట్టి, మెల్లగా గడప మీదనే కూర్చోబెట్టింది.

"అయ్యో, గడప మీద కూసుండవెడితివి గదనే!"

"ఇన్నేండ్లు నువ్వు లక్ష్మిని మొక్కినవ్. ఒక్క పూట ఆమె నిన్ను మొయ్యదా?"

సుక్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ముందుగాల గూడ ఈడ్నే పడ్డ, బిడ్డా."

"ఎరుకనే. నీ బిందె చెప్పింది."

చేవెళ్ల దవాఖానలో డాక్టరు పరీక్షించాడు. రక్తపోటు మాత్రలు వాడుతూ ఒక్కసారిగా లేచి నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతున్నాయని, లేచే ముందు కాసేపు కూర్చోవాలని, చేతులు ఖాళీగా ఉంచుకుని నడవాలని చెప్పి, మాత్ర మోతాదు మార్చాడు. కొడుకు శ్రీశైలం ద్వారబంధానికి ఇనుప కడ్డీ బిగించాడు.

"బిందె నేను తెస్త. దీపం మాత్రం నువ్వే పెట్టాలె" అంది నీలవేణి.

మరుసటి శుక్రవారం సుక్కమ్మ మంచం అంచున కూర్చుని నారాయణ నామం నూటెనిమిది మార్లు జపించి, అప్పుడు లేచింది. గడప దగ్గర శ్రీశైలం తొందరపెట్టాడు. "కడ్డీ పట్టుకో అమ్మా!"

"ఆగురా. ఒట్టి ఇనుమును పట్టుకుంటనా?"

కడ్డీకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కళ్లకద్దుకుంది. ఆ తరువాతే దానిని గట్టిగా పట్టుకుని కాలెత్తింది.