కలిపి కూర్చోబెట్టే రోజు

మా ఊరి బడిలో మా వాడ పిల్లలను గదిలోకి రానివ్వలేదు. వసారాలో కూర్చోబెట్టారు. నన్ను కూర్చోబెట్టారు, నా తరువాత నా బిడ్డను కూర్చోబెట్టారు, అట్లా చేయడం తప్పని కోర్టు తీర్పు ఇచ్చిన తరువాత కూడా కూర్చోబెట్టారు. ఈ మాట ముందే చెప్పి, మిగిలినది తరువాత చెబుతాను. చివర్లో చెబుదామని ఆగితే, వినేవాళ్లు మధ్యలోనే ఆ కాలం అట్లాంటిది లెమ్మని లేచి వెళ్లిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇక్కడ గల్ఫులో, సీబ్ అనే ఊళ్లో నేను కాపలా ఉండే విల్లా గేటు ముందు పొద్దున్నే బడి బస్సు ఆగుతుంది. మనవాళ్ల పిల్లల బడి బస్సే అది. మలయాళీ పిల్లలు, అరవ పిల్లలు, హైదరాబాదు సాయిబుల పిల్లలు, గుజరాతీ షాపువాళ్ల పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కి, కిటికీ సీటు కోసం కొట్టుకుంటారు. చేతిలో చీపురు పట్టుకుని నేను ఆ తోపులాటనే చూస్తూ నిలబడతాను. డ్రైవరు కడప సాయిబు, మంచి మాటకారి. ఈరోజు నన్ను పట్టుకుని, "ఏం పెద్దాయనా, దినామూ అట్ల చూస్తా నిలబడతావు, ఎక్కరాదా, ఎనక సీటు ఖాళీగానే ఉండాది" అన్నాడు. "ఆ సీటు నాకు చిన్నప్పుడు గావాల్సుండె తమ్మీ, ఇప్పుడేం జేసుకుంట" అన్నాను. నవ్వి తలుపు వేసుకుని వెళ్లిపోయాడు. ఈ దేశంలో గోడలు లేవని నేను అనను. ఇక్కడివాళ్ల బడి వేరు, మన బడి వేరు, కూలీల క్యాంపులో రూములు కూడా దేశాన్ని బట్టే ఇస్తారు. కాని ఇక్కడ ఆ మాట ముఖం మీదే చెబుతారు. అందరూ ఒకటేనని గోడ మీద రాసి, ఆ గోడకు బయట కూర్చోబెట్టే విద్య మన దగ్గరే చూశాను.

మాది మాదిగవాడ. మా బడికి ఒకటే గది, దాని ముందు ఒక వసారా. గదిలో ఊరి పిల్లలు, వసారాలో మేము. పంతులు లోపల నల్లబల్ల మీద రాస్తుంటే వాకిట్లోంచి మాకు దాని ఎడమ సగం మాత్రమే కనిపించేది. నేను అక్షరాలు నేర్చింది ఆ సగం బల్ల మీదే. ప్రతి వరుసకూ మొదలు కనిపించేది, కొస కనిపించేది కాదు, కొసను నేనే ఊహించుకునేవాణ్ని. నాలుగో తరగతితో చదువు ఆగింది. తరువాత నేను చదివినదంతా, ఇదిగో ఇప్పుడు మీకు రాస్తున్నదంతా, ఊరగాయ పొట్లాలకు చుట్టి వచ్చిన పేపరు ముక్కల మీదా, క్యాంపులో ఎవరో వదిలేసి పోయిన పుస్తకాల మీదా నేనొక్కణ్నే కూర్చుని నేర్చుకున్నది. చదివేవాళ్లకు ఇది గొప్పగా చెప్పుకునే సంగతిగా తోస్తుందేమో. నాకు మాత్రం ఇప్పటికీ కోపమే వస్తుంది. ఆ మిగతా సగం బల్ల నాకు ఎవరూ బాకీ లేనట్టే అందరూ బతికారు.

మా బాపు ఊరికి డప్పు కొట్టేవాడు. పంచాయతీ గుమాస్తా వచ్చి మాట చెప్పి పోతే, పొద్దుగూకేవేళ బాపు ఎండుగడ్డి మంట మీద డప్పును కాపి, తోలు బిగిసిందో లేదో వేలితో మీటి చూసి, నాలుగు వీధులూ తిరిగి దండోరా వేసేవాడు. శిస్తు కట్టమనీ, ఎడ్లను అంగడికి తోలమనీ, ఎవరింట్లోనో చావు అయిందనీ, ఊరికి తెలియవలసినది ఏదైనా ఆయన నోటినుంచే తెలియాలి. బాపు చెప్పనిది ఊళ్లో జరగనట్టే లెక్క. ఆయనకు అదొక్కటే గర్వం, ఇంకే గర్వమూ ఆయనకు ఊరు మిగల్చలేదు.

నేను పెరిగి, పెళ్లి చేసుకుని, బిడ్డ పుట్టాక ఇక్కడికి వచ్చాను. మొదటి కంపెనీ ఇదే దేశంలో రుస్తాఖ్ అనే చోట కట్టుబడి పని ఇచ్చింది. కొండల కింద ఎండకు ఇటుక చేతిని కాల్చేది. మా రూమ్‌లోనే మా ఊరి పటేలు కొడుకు ఉండేవాడు. బావులు ఎండి, భూమి పడావు పడి, ఆయనా నాలాగే వీసా పట్టుకుని వచ్చాడు. ఊళ్లో నన్ను "ఏంరా" అన్నవాడు రూమ్‌లో "అన్నా" అన్నాడు. ఒకే పళ్లెంలో తిన్నాము, సైటు మీద నా సీసాలోని నీళ్లు తాగాడు, జ్వరం వస్తే నా ఒళ్లో తలపెట్టి పడుకున్నాడు. అప్పట్లో ఫోన్లు ఎక్కడివి, ఇంటినుంచి క్యాసెట్లు వచ్చేవి. సెలవు మీద పోయినవాడు తిరిగి వస్తూ సంచీ నిండా అందరి ఇళ్ల గొంతులూ మోసుకొచ్చేవాడు. టేప్‌రికార్డరు చుట్టూ కూర్చుని మా వాళ్ల మాటలు ఆయన, ఆయన వాళ్ల మాటలు నేను, ఇద్దరమూ విని ఏడ్చిన రోజులు ఉన్నాయి.

ఒకసారి సెలవులో ఊరికి పోయినప్పుడు బిడ్డను బడికి తీసుకుపోయాను. కొత్త గౌను, కొత్త పలక. వాకిలి దాకా పోగానే నా చెయ్యి విడిపించుకుని, ఎవరూ చెప్పకముందే, తిన్నగా వసారాలో నేను కూర్చున్న చోటనే పోయి కూర్చుంది. దానికి అది అలవాటు. ఆ సెలవంతా పట్నంలో ఒక వకీలు ఇంటి చుట్టూ తిరిగాను. ఆయన మంచివాడు, నేను రాసుకుపోయిన అర్జీని దిద్ది పెద్ద కోర్టులో వేశాడు. నేను రుస్తాఖ్ తిరిగివచ్చాక తీర్పు వచ్చింది. పిల్లలందరినీ ఒకే గదిలో కలిపి కూర్చోబెట్టాలన్నారు. అది జరుగుతున్నదో లేదో అప్పుడప్పుడు పోయి చూసి చెప్పడానికి కోర్టు తరఫున ఒక తనిఖీదారును కూడా పెట్టారు. ఆ కబురు క్యాసెట్లో విన్న రోజు రూమ్‌లో అందరికీ చాయ్ పోయించాను. పటేలు కొడుకు కూడా తాగాడు, "మంచిదే గదన్నా" అన్నాడు.

తరువాతి క్యాసెట్లో బాపు డప్పు వినిపించింది. ఆ తనిఖీదారు వచ్చే ముందు పంచాయతీకి కబురు పంపాలట, ఆ కబురును గుమాస్తా బాపుకు చెప్పాలట, బాపు ఊరికి చెప్పాలట. బాపు సంబరం పట్టలేక ఆ దండోరాను నాకోసం మళ్లీ కొట్టి, మళ్లీ పలికి పంపాడు. "రేపు కోర్టు సారు వస్తున్నడహో... అందరు పిల్లగాండ్లను బడికి తోలుండ్రహో... అందరిని కలిపి కూసోబెడుతరహో..." ఆ గొంతులోని మెరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పుట్టిన దగ్గరనుంచీ ఊరి చావులూ ఊరి శిస్తులూ చాటిన మనిషి, మొదటిసారి తన మనవరాలి కోసం చాటాడు.

దాని వెనుకనే నా బిడ్డ గొంతు. ఆ రోజు నూనె పెట్టి జడ వేసుకుని పోయిందట, గదిలో గంగిరెద్దోళ్ల పిల్ల పక్కన కూర్చుందట, బల్ల మొత్తం కనబడిందట. మరునాటినుంచి మళ్లీ వసారానే. అది ఏ ఫిర్యాదూ చేయలేదు. పండుగ గురించి అడిగినట్టు నన్ను అడిగింది. "బాపూ, మళ్ల కలిపే దినం ఎప్పుడొస్తది?"

నేను టేపు ఆపేశాను. అప్పుడు నాకు అర్థమైంది. కోర్టు వచ్చిన ప్రతిసారీ ఊరు ఒక్కరోజు మంచిదవుతున్నది, ఆ ఒక్కరోజే కోర్టు చూస్తున్నది, తృప్తిగా రాసుకుని పోతున్నది. ఆ రోజు ఏదన్నది ఊరికి చెబుతున్నది మా బాపే. దొంగను పట్టడానికి పోతూ జవాను ముందే ఈల వేసినట్టు, మా న్యాయం వచ్చే ముందు మా డప్పే మోగుతున్నది.

ఇక దండోరా వేయవద్దని బాపుకు క్యాసెట్లో చెప్పి పంపాను. ఆయనకు కోపం వచ్చింది. "డప్పు గొట్టకుంటే కోర్టు వచ్చిందని ఊరికెట్ల తెలుస్తది బిడ్డా? సాటకపోతే అది ఆర్డరు ఎట్లయితది?" అన్నాడు. ఆయన అన్నది మూర్ఖత్వం కాదు. చాటితేనే చట్టం, అది ఆయనకు తెలిసిన లోకం. కబురు లేకుండా వచ్చిన న్యాయం ఆయన కంటికి దొంగతనంగా గోడ దూకినట్టుంది. నేను ఎంతో చెప్పి పంపాను, ఆయనా ఎంతో చెప్పి పంపాడు. ఆ క్యాసెట్లలో మేమిద్దరమూ అరుచుకున్నంతగా ఎదురెదురుగా ఎన్నడూ అరుచుకోలేదు. చివరికి ఆయనను కదిలించింది నా మాట కాదు, మనవరాలి మాట. ఆయన డప్పు కాపుతుంటే పక్కన వచ్చి కూర్చుని, "తాతా, నువ్వు దినాం సాటరాదా, దినాం కలిపి కూసోబెడతరు" అన్నదట.

ఆ తరువాత వానకాలంలో గుమాస్తా వచ్చి, రేపు కోర్టు సారు వస్తున్నాడు, దండోరా వెయ్యి అని చెప్పి పట్నం బస్సెక్కాడు. ఆ సాయంత్రం బాపు డప్పును చూరు కింద తడిసేట్టు పెట్టి, ముసుగు తన్ని పడుకున్నాడు. మరునాడు తనిఖీదారు గొడుగు వేసుకుని వచ్చేసరికి మా పిల్లలు వసారాలో జల్లుకు తడుస్తూ పలకల్ని పొట్టకు అదుముకుని కూర్చున్నారు. ఆయన తన కళ్లతో చూశాడు. పంచాయతీవాళ్లు బాపును పిలిపించి గద్దించారు. "వానకు డప్పు నానింది దొరా. కాపుదామంటే ఎండుగడ్డి లేకపాయె. నేనేం జేతు?" అన్నాడు.

కోర్టు కోపగించింది. పంతులు మారాడు. మా పిల్లలు గదిలోకి వెళ్లారు, మరునాడు కూడా వెళ్లారు, ఆ మరునాడు కూడా. బాపును మళ్లీ దండోరాకు ఎవరూ పిలవలేదు, పంచాయతీ మైకు కొన్నది. ఆయన డప్పును దండెం మీద వేలాడదీసి, పోయేదాకా దానివైపు వీపు పెట్టుకునే కూర్చున్నాడట. ఆయన పోయినప్పుడు నేను సైటు మీద ఉన్నాను.

కథ ఇక్కడ ఆగితే మీరూ నేనూ సంతోషపడేవాళ్లం. ఊళ్లోకి పట్నంనుంచి పసుపు వ్యాను రావడం మొదలైంది. ఇంగ్లీషు మీడియం బడి. ముందు పటేళ్ల పిల్లలు ఎక్కారు, తరువాత షావుకార్ల పిల్లలు, తరువాత అప్పు చేసి అయినా మా వాడ తప్ప మిగతా అందరూ. వ్యాను మా వాడ మలుపు దాకా వచ్చి వెనక్కు తిరిగేది. రూమ్‌లో నా పక్క మంచం మీది పటేలు కొడుకును నేను అడిగాను. తన కొడుకునూ వ్యాను ఎక్కించాడు. "ఇంగ్లీషు కోసం అన్నా, ఇంకేం లేదు. మన లెక్క ఎండల సావొద్దు గద" అన్నాడు, నా కంచంలోంచి చేప ముక్క తీసుకుంటూ. ఆయన నాతో అబద్ధం ఆడాడని నేను అనుకోను. అదే నన్ను ఇప్పటికీ కాల్చే సంగతి. ఏ ఒక్కరూ తప్పు చేసినట్టు లేరు, గది మాత్రం ఖాళీ అయింది.

నేను కోర్టుకు మళ్లీ రాయడం మొదలుపెట్టాను. రుస్తాఖ్‌నుంచి రాశాను, కంపెనీ దుక్మ్ పంపితే అక్కడి ఇసుకలోంచి రాశాను, ఒళ్లు ఉడిగి ఈ సీబ్ గేటు దగ్గరికి వచ్చాక కూడా రాశాను. అయ్యా, గోడ గదికి బయటనుంచి ఊరికి బయటకు జరిగింది, దాన్ని కూడా చూడండి అని రాశాను. ఊళ్లో మండలం తరఫున ఒక్క బస్సు నడిపి రెండు బళ్ల పిల్లలనూ కలపమని రాశాను. మా వకీలు పోయాడు, వకీలు కొడుకు పట్టించుకోలేదు. తనిఖీ మాత్రం పేరుకు సాగుతూ వచ్చింది.

నా చిన్ననాడు వసారాలో కూర్చున్నా, గోడ అవతల ఊరి పిల్లల గొంతులు వినిపించేవి. వాళ్లు లోపల ఎక్కాలు అరిస్తే మేము బయట అరిచేవాళ్లం, వాళ్లు ఒక ఎక్కం తప్పితే మేమే అందుకుని పూర్తిచేసేవాళ్లం, పంతులు ఎవరిని మెచ్చుకోవాలో తెలియక దగ్గేవాడు. ఇప్పుడు నా తమ్ముడి మనవరాలు అదే గదిలో, నట్టనడుమ, ఫ్యాను కింద కూర్చుంటుంది. బల్ల మొత్తం దానికి కనిపిస్తుంది. కాని గోడ అవతల ఎవరూ లేరు. పొద్దున్నే వ్యాను హారను దూరంగా వినిపించినప్పుడు, అందులో ఎవరుంటారని అది తన తాతను అడిగిందట. తమ ఊరి పిల్లలేనంటే నమ్మలేదట.

మొన్న తమ్ముడు కోర్టు ఆఫీసునుంచి వచ్చిన జవాబును ఫోటో తీసి ఫోనుకు పంపాడు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని, ఈసారి మొదలూ కొసా రెండూ కనిపించేట్టు తెరను పెద్దది చేసి చదివాను. ఇట్లా ఉంది:

"మీ అర్జీ పరిశీలించడమైనది. సదరు పాఠశాలలో ప్రస్తుతము చదువుచున్న విద్యార్థులందరూ ఒకే వాడకు చెందినవారగుటచే, ఎవరినీ వేరుగా కూర్చోబెట్టు ప్రశ్న ఉత్పన్నము కాదు. ఉత్తర్వులు సంపూర్ణముగా అమలైనవని సంతృప్తి చెంది, పర్యవేక్షణ ముగించడమైనది."