ఐదో గొంతు

కువైట్‌లోని జహ్రా ఊళ్లో ఒక ఇంట్లో పనిచేసే అంకాలమ్మ నడిస్తే అడుగుల చప్పుడు వినిపించదు. కడప నుంచి వచ్చి పదకొండేళ్లయినా గోడ వారగానే నడుస్తుంది. ఎవరు పిలిచినా ముందు చేతులు గౌనుకు తుడుచుకుంటుంది. ఇంతకుముందు పనిచేసిన ఇంట్లో అంట్లు తోముతూ పాడినందుకు చెంపదెబ్బ తిన్నప్పటి నుంచి, పాట వస్తే పెదవులు బిగించి గొంతులోనే తిప్పుకుంటుంది. ఈ ఇంటి అమ్మాయి దానా శుక్రవారం మధ్యాహ్నాలు నలుగురు స్నేహితురాళ్లతో ఒక మాడ్రిగల్ సాధన చేస్తుంది. నాలుగు వందల ఏళ్ల నాటి ఇటలీ పాట అది. వాద్యాలేవీ లేకుండా ఐదు గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకుని, చావును తలిచే మాట దగ్గర కలిసి కిందికి దిగుతాయి. ఆ మాట అర్థం కాకపోయినా, అక్కడికి వచ్చేసరికి అంకాలమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయేది.

ఒక శుక్రవారం ఐదో అమ్మాయి రాలేదు. ఆ మాట దగ్గర పాట వెలితిపడింది. టీ తెచ్చిన అంకాలమ్మ గొంతు తనకు తెలియకుండానే అందుకుంది. అందరూ తిరిగి చూశారు. గుమ్మంలో దానా తల్లి నిలబడి ఉంది; పనివాళ్లు ఆమెను 'మామా' అంటారు. "ఖలాస్ మామా, ఇంక పాడను" అంటూ అంకాలమ్మ దెబ్బ కోసం కళ్లు మూసుకుంది. మామా ట్రే అందుకుని, పాడమంది. అంకాలమ్మ వణికే గొంతుతోనే చివరిదాకా పాడింది.

"అక్కడ గొంతు అలాగే వణకాలి! నీకెలా తెలిసింది?" అంది దానా సంబరంగా. అది భయమని అంకాలమ్మ చెప్పలేదు.

వంటింట్లో డ్రైవర్ పెంచల్‌ను అడిగింది. "నన్ను పంపిచ్చేస్తారంటావా పెంచలా?"

"ఏందక్కా నువ్వు! వచ్చే శుక్కురారం గూడా పాడమన్యారంట గదా."

"అదేరా నా బయం. ఈ పొద్దంటే నోరు జారింది. ఆ పొద్దు తెలిసి తెలిసి నోరు తెరవాల గదరా."