అంబులెన్సు బటన్ మీది గుండె

ఉదయం పదకొండుంబావుకు నాచారంలోని మా ఆఫీసుకు టీ తెచ్చే అక్క వచ్చింది. చదువురాని ఫ్యాక్టరీ కార్మికుల కోసం చేస్తున్న యాప్‌కు ఏ ఐకాన్ లైబ్రరీ, అంటే ఏ రెడీమేడ్ బొమ్మల సెట్టు వాడాలో ఆరుగురం మూడు రోజులుగా తేల్చుకుంటున్నాం. బొమ్మల్లో గీత ఎంత సన్నగా ఉండాలన్నది అంత పెద్ద సమస్య మరి. అంబులెన్సు పిలిచే బటన్ మీద గుండె, దానికి అడ్డంగా ఈసీజీలో లాంటి వంకర గీత పెట్టాం.

అక్కకూ చదువు రాదు. ఏ బొమ్మైనా ముందు ఆమెకే చూపించేవాళ్లం. ఎప్పటిలాగే వేలు కొంగుకు తుడుచుకుని తెర ముట్టింది.

"పగిలిన గుండెనా? లవ్వు ఫెయిలైనోళ్లకా బిడ్డా?"

"అంబులెన్సుకక్కా."

"మరి గా బండి బొమ్మనే పెట్టరాదు? పానం పోతాంటే సోకులు జూస్తరా?"

బండి బొమ్మే పెట్టాం.

నిరుడు అక్క పోయింది. కొత్త లైబ్రరీతో గుండె తిరిగి వచ్చింది. గీత ఇంకా సన్నబడింది, అందరూ మెచ్చుకున్నారు. ఐకాన్లు ఎంచుకునే ముందు ఇప్పుడు ఎవరికీ చూపించడం లేదు.