మడతలో తొమ్మిదో పేజీ

సంతాన సాఫల్య ఆస్పత్రిలో ఆమెను అందరూ కాగితాలక్క అంటారు. అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టించడం పద్దెనిమిదేళ్లుగా ఆమె పని. ప్రతి పేజీ పైకి చదివి వినిపించి, అర్థమైందన్నాకే పెన్ను చేతికిచ్చేది.

పెద్ద డాక్టరుకు ఆ చదువుడు గిట్టలేదు. ఏ ఎండకా గొడుగు పట్టే రకం ఆయనగారు. పిండంలో జన్యువులు కత్తిరించి మార్చడం ఈ దేశంలో నేరం, జైలు ఖాయం. పక్క దేశంలో ప్రయోగశాలలో మార్చవచ్చు గానీ గర్భంలో పెట్టకూడదు. సముద్రం అవతలి దీవిలో అసలు చట్టమే లేదు. అందుకని ఇక్కడ పిండం తయారుచేసి, పక్క దేశంలో కత్తిరించి, దీవిలో గర్భంలో పెట్టిస్తాడు. మూడు చోట్లా చట్టానికి దొరకడు. పైగా ఆ ప్రయాణానికి పెట్టిన పేరు విహారయాత్ర! ఆ మాట వింటేనే కాగితాలక్కకు రోత పుట్టేది.

"చదివితే బెదిరిపోతారమ్మా. పేజీలు మడిచి, సంతకం చోటు చూపించు చాలు," అన్నాడు.

ఛీ అనుకుంటూనే మడిచింది. ఏడాదిన్నరలో నలభై ఒక్క జంటల చేత అలాగే సంతకాలు పెట్టించింది.

ఆ సోమవారం ఎదురు కుర్చీలో కూర్చున్నది సొంత చెల్లెలు. నాన్నను మంచాన పడేసి తీసుకుపోయిన కండరాల జబ్బు తన బిడ్డకు రాకూడదని, అక్కకు చెప్పకుండానే డాక్టరుతో మాట్లాడుకుంది.

"ఎక్కడ పెట్టాలక్కా?" అంటూ పెన్ను మూత తీసింది.

అలవాటుపడ్డ చేతులు మడత ముందుకు జరపబోయి ఆగాయి. కాగితాలక్క మడత విప్పి తొమ్మిదో పేజీ పైకి చదివింది. బిడ్డకు ఏ లోపం వచ్చినా ఏ దేశపు కోర్టుకూ వెళ్లకూడదు. బిడ్డను ఏటా పరీక్షలకు అప్పగించాలి. ఎక్కడ ఏం చేయించుకున్నారో ఎవరికీ చెప్పకూడదు.

"మరి నాన్న జబ్బు రాదుగా?"

"రాదని ఎక్కడా లేదే. ప్రయత్నిస్తామని ఉంది, అంతే."

చెల్లెలు పెన్నుకు మూత పెట్టి, కాసేపు కుమిలి కుమిలి ఏడ్చింది. కళ్లు తుడుచుకుంటూ, "నువ్వుండబట్టి సరిపోయింది. అందరికీ ఇలాగే చదివి చెప్తావా అక్కా?" అంది.

ఇన్నాళ్లూ డాక్టరు మీద కలిగిన రోత కాగితాలక్కకు ఇప్పుడు తన చేతుల మీదే పుట్టింది. చెల్లెల్ని పంపేసి, పాత పత్రాల కట్ట విప్పి, అన్నిటికన్నా అడుగునున్న మొదటి జంట కాగితంలోని నంబరుకు ఫోన్ చేసింది.

"హలో, ఎవరండీ?" అన్న గొంతు వెనక పసిబిడ్డ ఏడుస్తోంది.