వాన కడిగే జీపు

రాప్తాడు దగ్గర పాత బండ్ల ప్రదర్శనకు కాకినాడ నుంచి నా క్యాంపర్ వ్యాన్‌లో వెళ్లాను. ట్యాంకర్ నీళ్లతో అందరం బండ్లు కడుగుతున్నాం. పక్కనున్న పాత జీపు మాత్రం ఎర్రదుమ్ముతోనే ఉంది. కళ్యాణదుర్గం నుంచి దాన్ని నడుపుకుంటూ వచ్చింది ఒక వేరుశనగ రైతు, యాభై దాటిన ఆవిడ.

నిర్వాహకుడు బకెట్‌తో నీళ్లు తెచ్చాడు. "కడగకపోతే బహుమతికి లెక్కలోకి తీసుకోమమ్మా."

"మా నాయన కాలం నుంచి దీన్ని వానే కడుగుతాదప్పా. ఈ యేడు వాన రాలేదు. బహుమతి నువ్వే పెట్టుకో."

బానెట్ ఎత్తి ఆ నీళ్లు రేడియేటర్‌లో పోసింది. "దీనికి తాగేదానికైతే నీళ్లు ఇస్తా."

తర్వాత మెరిసే కార్లన్నిటికీ ముందు తెచ్చి జీపును నిలబెట్టింది. నిర్వాహకుడు ఖాళీ బకెట్ తీసుకుని వెనక్కి వెళ్లాడు. నేను పైపు కట్టేసి, సగం కడిగిన వ్యాన్‌ను దాని పక్కనే పెట్టాను.