ఎర్ర డబ్బా మారిన వారం

ఆవిణ్ణి ఆఫీసులో అందరూ డబ్బాలక్క అనేవారు. ఆ పేరు పెట్టింది నేనే. నా నోరు అలాంటిది, అక్క కూడా విని నవ్వేసింది. మా కంపెనీ ఇల్లు కడుక్కునే సామాను ఇంటర్నెట్‌లో అమ్ముతుంది. సబ్బులు, ఫినాయిలు, పైపులు మూసుకుపోతే పోసే మందులు, ఇలాంటివే. వాటి పేజీలు కట్టేది అక్క. కస్టమర్ల ఫోన్లెత్తి తిట్లు తినేది నేను. ఇద్దరి మధ్యా ఒక ప్లైవుడ్ చెక్క అడ్డం, అంతే.

పేజీ అంటే అక్కకి అన్నీ డబ్బాలే. బొమ్మకొక డబ్బా, వాడే పద్ధతికొక డబ్బా, జాగ్రత్తలకొక డబ్బా. ఒక్కసారి కట్టి పెట్టుకుని, ఏ పేజీకి కావాలంటే ఆ పేజీలో తెచ్చి పెట్టేది. ఎర్ర అంచున్న జాగ్రత్తల డబ్బా నలభై మూడు పేజీల్లో కనిపించేది. నిజానికి ఉన్నది ఒకటే. దాన్లో ఒక్క అక్షరం మార్చినా నలభై మూడు చోట్లా మారిపోతుంది. "ఒకటి చేసి నలభై చేశాననిపించుకోవడం, ఎంత హాయో చూడవే!" అనేది నాతో.

ఆ డబ్బాలో కిటికీ తీసి వాడమని, వేరే మందులతో కలపొద్దని ఉండేది. మందు తయారుచేసేవాళ్ళు చెప్పని వాక్యం కూడా ఒకటుండేది: "ఆయాసం ఉన్నవాళ్ళు దీని దగ్గరికి రాకండి." అది అక్క తన చెల్లెలి కోసం చేర్చింది. ఆ పిల్లకి పుట్టినప్పటినుంచీ ఆయాసం. తల్లి పోతే ఎత్తుకుని పెంచింది అక్కే. ఇప్పుడు ముప్ఫై ఏళ్ళొచ్చాయి, పెళ్ళయింది, అయినా ఏ సీసా మూత తియ్యాలన్నా ముందు మా పేజీ తెరిచి చదవాల్సిందే. సీసా మీద చీమ తలకాయంత అక్షరాలు ఎవరు చూస్తారు, మా అక్క రాస్తే చాలు అనేదట. అక్క ఆ మాట పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేది. అంత ముద్దు నాకు మాత్రం ఒళ్ళు మండించేది.

ఆ సోమవారం పొద్దున్నే మేనేజరొచ్చి అక్క కుర్చీ వెనక నిలబడ్డాడు. కొత్తగా లిక్విడ్ సబ్బు ఒకటి వచ్చింది, గిన్నెలకీ గచ్చుకీ కూడా పనికొచ్చే మెత్తటి సబ్బు. దాని పేజీలో ఎర్ర డబ్బా ఉంటే జనం బెదిరిపోతారని ఆయన గోల.

"దీన్ని పచ్చగా చేసి రెండు మంచి మాటలు రాయమ్మా. పదింటికి ప్రకటన వెళ్ళిపోతుంది."

"దీనికి వేరే డబ్బా కట్టాలండీ. అరగంట పడుతుంది."

"రెండు లైన్లకి అరగంటా! నేనిక్కడే నిలబడతా, కానియ్."

మనిషి నెత్తిమీద నిలబడి గడియారం చూస్తుంటే ఎవరికైనా చేతులు ఆడతాయా? అక్క వేరే డబ్బా కట్టలేదు. ఉన్న ఎర్ర డబ్బానే తెరిచి, పచ్చరంగు వేసి, ఆకు బొమ్మ పెట్టి రాసేసింది: "ఇంట్లో అందరికీ క్షేమం. ఏ గదిలోనైనా, దేనితో కలిపైనా వాడుకోవచ్చు." ఇద్దరూ సబ్బు పేజీ చూసుకున్నారు. ముచ్చటగా ఉందన్నాడు మేనేజరు. మిగతా నలభై మూడు పేజీలూ ఎవరూ తెరవలేదు.

మంగళవారం నాకు ఫోన్లు తగ్గాయి. కిటికీ తీసే వాడాలా, గ్లవుజులు వేసుకోవాలా అని రోజూ ప్రాణం తీసేవాళ్ళు ఒక్కరు లేరు. సంతోషించాలి కదా? నాకెందుకో మనసు కీడు శంకించింది.

బుధవారం ఒక పెద్దాయన చేశాడు. "అమ్మాయ్, ఈ పైపుల మందు తలుపులు బిగించుకుని పోసుకోవచ్చన్నమాట. బతికించారు, చలికి కిటికీ తియ్యలేక చస్తున్నా." పేజీలో ఏముంటే అది చదవాలి, సొంత కవిత్వం కలపకూడదని మాకు హుకుం. చదివాను, ఏ గదిలోనైనా అని ఉంది. సరేనని ఫోన్ పెట్టేశాడు. లేచి అక్క దగ్గరికెళ్ళాను.

"అక్కా, పేజీల్లో ఏమైనా మార్చావా?"

"సబ్బుది మార్చానే. ఏం?"

అంతలో చెల్లెలి ఫోనొచ్చింది. శుక్రవారం కొత్తింటికి మారుతున్నారట, బాత్రూమ్ పైపు మూసుకుపోయి ఉందట. "ఏదైనా పోసేముందు పేజీ చూసుకోవే, మర్చిపోకు," అని చెప్తోంది అక్క. ఆ మాటలు ఎంతకీ తెమల్లేదు. నా టేబుల్ మీద ఫోన్ మోగుతోంది. వెనక్కొచ్చేశాను. దున్నపోతులా వెనక్కొచ్చేశాను, ఏం చెప్పను!

శుక్రవారం పదకొండింటికి మీటింగు. ఫోన్లు బయట బుట్టలో పెట్టి లోపలికి వెళ్ళాలి. అక్క వెళ్ళింది. కాసేపటికి నాకు ఫోనొచ్చింది. ఆడగొంతు, మధ్యమధ్యలో దగ్గు.

"మా అక్క మీ దగ్గరే పనిచేస్తుందండీ, ఫోనెత్తట్లేదు. పైపుల మందు పోశాను, కదల్లేదు. దీన్లో బట్టలు తెల్లబరిచే బ్లీచు కూడా కలపొచ్చా? బాత్రూమ్‌కి కిటికీ లేదు. పేజీలో సరేనని ఉంది గానీ, ఒకసారి అడుగుదామని."

పొద్దున్నుంచి అది నలభయ్యో ఫోను. నా బుర్ర ఎక్కడుందో, నా కళ్ళు చదివాయి, నా నోరు పలికింది: "ఏ గదిలోనైనా, దేనితో కలిపైనా వాడుకోవచ్చండీ."

"సరే. అక్క రాసిందే కదా," అంది, పెట్టేసింది.

పెట్టేశాక ఆ దగ్గు నా చెవిలో మిగిలింది. స్క్రీన్ మీద ఆకు బొమ్మ చూశాను. పైపుల మందుకి ఆకు బొమ్మేమిటి? తిరిగి చేస్తే ఎత్తలేదు. పరుగెత్తి మీటింగు తలుపు తోశాను. "ఐదు నిమిషాలు ఆగలేవా?" అని కసిరాడు మేనేజరు. నా నోటికి జడవని మనిషి ఆ ఆఫీసులో లేడు, అలాంటిది ఆ ఒక్కపూట నోరు పడిపోయి గుమ్మంలో నిలబడ్డాను. నా మొహం చూసి అక్కే లేచి వచ్చింది.

చెప్పాను. అక్క తన కుర్చీ దగ్గరికి పరుగెత్తింది. ఒక చేత్తో చెల్లెలికి ఫోన్ చేస్తూ, రెండో చేత్తో ఎర్ర డబ్బా వెనక్కి తెచ్చింది. రెండు నిమిషాలు పట్టలేదు. ఫోన్ మాత్రం మోగి మోగి ఆగిపోయింది. మరిదికి, అంటే ఆ పిల్ల మొగుడికి చేసింది, ఇంటికి పరుగెత్తమంది. ఇద్దరం ఆటోలో వెళ్తుంటే ఆ కాల్‌లో ఏమేం మాట్లాడుకున్నామో మొత్తం చెప్పించుకుంది, మళ్ళీ మళ్ళీ.

మరిది తీసుకెళ్ళిన ఆసుపత్రికి మేం చేరేసరికి ఆ పిల్ల పోయింది. వరండాలో బెంచీ మీద మరిది, చేతిలో ఆ పిల్ల ఫోను. ఆ పిల్ల ఆఖరిగా చేసిన నంబరే అలా చూస్తూ కూర్చున్నాడు.

"ఇదెవరిదో వదినా? బాత్రూమ్‌లోకి వెళ్ళేముందు చేసింది. నాకు చెయ్యలేదు. ఎవరితో మాట్లాడిందో, ఏమందో... ఆ మనిషి కనబడితే అడుగుతాను."

నోరు తెరవబోయాను. అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నాదే, బాబూ. ఆఫీసు నంబరు. నేనే ఎత్తాను. ఏమీ కాదు, వాడుకోమని చెప్పాను."

మరిది అక్క మొహంలోకి చూశాడు. లేచి ఇంకో బెంచీ మీదికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన అక్కతో మాట్లాడలేదు. నేను ఇంతవరకూ ఆయనకి నిజం చెప్పలేదు.