వెనక గేరులో వాగు దాటిన ట్రాక్టర్

అప్పట్లో మా మరైగూడ వైపు ట్రాక్టర్ ఉన్నవాడి మాటకు ఎదురుండేది కాదు. మా మామకు (అమ్మ తమ్ముడు) ట్రాక్టర్ ఉండేది, కాబట్టి ఆయనకు తెలియనిది లోకంలో లేదు! ఎండాకాలమంతా రోడ్డు పనికి కంకర తోలడంతో వెనక టైర్లు ఒకవైపే అరిగాయి. మామ కుడి చక్రాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి మార్చేశాడు. కంకర తోలేవాళ్లంతా అలాగే చేసి, వానలు పడగానే మళ్లీ యథాస్థానానికి మార్చుకునేవాళ్లు. మామ మార్చలేదు. "టైరు గుండ్రంగుంటది, దానికి ముందేంది, ఎనకేంది?" అని, మార్చమన్న అత్త నోరు మూయించాడు. (ఆ నోరు మూతపడటం అరుదు. మొగుణ్ణి తిట్టడానికి తెలుగు చాలక హిందీ, మా వైపు గిరిజనులు మాట్లాడే దోర్లీ కూడా అరువు తెచ్చుకునేది.)

ఆ వానాకాలం, నెలలు నిండకముందే అత్తకు నొప్పులొచ్చాయి. రక్తం పోతోంది. అంబులెన్స్ వాగు అవతలే ఆగిపోయింది. ట్రాలీలో పరుపేసి ఆమెను పడుకోబెట్టి బయల్దేరాం. వాగులోకి దిగామో లేదో, చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరగసాగాయి. వెనక నుంచి చూస్తే టైరు మీది గట్లు పైకి చూసే బాణాల్లా ఉండాలి. అప్పుడే బురదను పక్కలకు తోసి నేలను పట్టుకుంటాయి. కుడి ఎడమలు మారడంతో మావి తలకిందులు. బురదనంతా నడుమకు లాక్కుని పీపాల్లా నున్నగా తయారయ్యాయి. "సచ్చినోడా, మార్చమంటే ఇన్నవా?" అని ట్రాలీలోంచి అత్త మూలిగింది. మామ వెనక గేరు వేశాడు. బండి చక్కగా మా ఒడ్డెక్కింది!

"ఎనక్కైతే పట్టుకుంటాంది రా అల్లుడా!" అన్నాడు.

ట్రాలీ విప్పి, ట్రాక్టర్‌ను ఊరివైపు తిప్పి, దాని ముందు భాగానికి ట్రాలీని మోకుతో కట్టాం. అలా వెనక్కి నడుపుతూ మళ్లీ వాగులోకి దిగాం. నేను మడ్‌గార్డు మీద కూర్చుని "కుడికి మామా, కుడికి!" అని దారి చెబుతున్నాను. మామ ముఖం మాత్రం అత్తకు ఎదురుగా ఉంది. తిట్లన్నీ సూటిగా తగిలాయి పాపం. నడి వాగులో అవి ఆగిపోయాయి.

"ఏమే, తిట్టవే! ఒక్క మాట తిట్టు, నీ కాళ్లు మొక్కుత!" అని మామ గొంతు చించుకున్నాడు. ఆమె కళ్లు తెరవలేదు. ఏడుస్తూనే అవతలి ఒడ్డున అంబులెన్స్ దాకా బండి నడిపాడు.

అత్త బతికింది. బిడ్డ దక్కలేదు. ఆస్పత్రిలో కళ్లు తెరిచి మామను చూసింది. ఆ తర్వాత ఏనాడూ ఆయన్ను తిట్టలేదు. అన్నం వడ్డిస్తుంది, అడిగినదానికి బదులిస్తుంది, అంతే. తిట్టించుకోవడానికని మామ కావాలనే కూరలో ఉప్పెక్కువైందని గొడవపడటం నా కళ్లారా చూశాను.

మొన్న మా ఆవిడ నా మీద విరుచుకుపడింది. కుర్రతనంలో అయితే అలిగి అన్నం మానేసేవాణ్ణి, వెర్రివాణ్ణి! ఇప్పుడు చేస్తున్న పని ఆపి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.

"ఏంది, తిడుతుంటే నవ్వుతున్నవ్?" అంది.

"ఏం లేదు, కానియ్" అన్నాను.